ల్యాప్‌టాప్ వైఫైని వైరుతో డెస్క్‌టాప్‌కి ఇవ్వాలి, లైటు వెలుగుతోంది గానీ నెట్ రావడం లేదు

అక్కయ్యపాలెం అక్షరం:

అందరికీ నమస్కారమండి. నేను విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఇంటి దగ్గరే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, గుడి ఉత్సవాల ఆహ్వానాలు, పెద్దకర్మ కార్డులు, అప్పుడప్పుడు రిటైరైన మాస్టారు ఎవరైనా రాసుకున్న పద్యాల పుస్తకం. పనంతా పాత డెస్క్‌టాప్ మీదే. అందులో విండోస్ 7, పేజ్‌మేకర్ 7, అనూ స్క్రిప్ట్ మేనేజర్ ఉన్నాయి. దయచేసి ఆ మెషీన్ తీసేయమని మాత్రం ఎవరూ చెప్పకండి. నా ఫాంట్లు, పాత పార్టీల (కస్టమర్ల) ఫైళ్ళు, ప్రింటరు అన్నీ దాని మీద కుదురుకుని ఉన్నాయి. ఆ కీబోర్డు లేఅవుట్ మీద నా వేళ్ళు చూడకుండా పరిగెడతాయి.

ఇంటి ఓనరుగారు పై వాటాలో ఉంటారు. రౌటరు వాళ్ళ హాల్లో ఉంది. అద్దెతో పాటు నెలకి కొంత ఇచ్చి వాళ్ళ వైఫై వాడుకుంటున్నాం. పైనుంచి వైరు దింపాలంటే గోడకి కన్నం వెయ్యాలి, అందుకు వాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళ ఇల్లు, అందులో తప్పేం లేదు. వీధి వైపు కిటికీ దగ్గర నా ల్యాప్‌టాప్‌కి (విండోస్ 11) సిగ్నల్ బాగా వస్తుంది. డెస్క్‌టాప్ లోపలి గదిలో ఉంది, దానికి వైఫై కార్డు లేదు. ఫోను పట్టుకుని ఆ గదిలోకి వెళ్తే సిగ్నల్ ఒక గీతకి పడిపోతుంది.

ఇప్పటిదాకా పెన్‌డ్రైవ్‌తో నెట్టుకొచ్చాను. పెళ్ళిళ్ళ సీజన్‌లో అది కుదరడం లేదు. రాత్రి పదింటికి ఫోన్ చేసి "తాతగారి పేరు ముందు కీ.శే. పెట్టడం మర్చిపోయామమ్మా, మార్చి ఇప్పుడే పంపండి" అంటారు. డెస్క్‌టాప్‌లో మార్చి, పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి, కిటికీ దగ్గరికి వచ్చి, ల్యాప్‌టాప్ లోంచి వాట్సాప్‌లో పంపాలి. ఈలోగా మేనమామ పేరులో ఇంకో మార్పు వస్తుంది. పైగా పార్టీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లలో షార్ట్‌కట్ వైరస్ ఉంటోంది, ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్లు మిగులుతున్నాయి. ఇంకొక అవసరం కూడా ఉంది. వాట్సాప్‌లో వచ్చే మ్యాటర్ యూనికోడ్ (ఫోన్లలో వాడే తెలుగు), దాన్ని పేజ్‌మేకర్‌కి పనికొచ్చే అనూ ఫాంట్‌లోకి మార్చే కన్వర్టర్ పేజీ ఆన్‌లైన్‌లో ఉంటుంది. మార్చినదాన్ని టెక్స్ట్ ఫైలుగా తెచ్చి పేజ్‌మేకర్‌లో ప్లేస్ చేస్తే వత్తులు చెదిరిపోతున్నాయి.

ద్వారకానగర్‌లో లాన్ కేబుల్ కొని రెండింటినీ కలిపాను. ల్యాప్‌టాప్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిచి, షేరింగ్ ట్యాబ్‌లో మొదటి టిక్ పెట్టి, కింద ఈథర్‌నెట్ ఎంచుకున్నాను. రెండు వైపులా పోర్టు దగ్గర లైటు వెలుగుతోంది. డెస్క్‌టాప్‌లో మాత్రం గడియారం పక్కన బొమ్మ మీద పసుపు త్రికోణం పోవడం లేదు. ఇంకేం చెయ్యాలి?

మధురవాడ కుర్రాడు:

అక్కా, అంత కష్టం ఎందుకు, యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనెయ్యండి, వందల్లో అయిపోతుంది. లేదంటే ఫోనుని డేటా కేబుల్‌తో డెస్క్‌టాప్‌కి పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. వైరే కావాలంటే ల్యాప్‌టాప్‌లో వైఫై, ఈథర్‌నెట్ రెండూ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొట్టి బ్రిడ్జ్ కనెక్షన్స్ ఇవ్వండి, రెండూ ఒకటైపోతాయి. మీరు పెట్టిన ఆ షేరింగ్, ఐసీఎస్, ఎప్పటిదో, ఇప్పుడెవరు వాడుతున్నారు?

కంచరపాలెం కేబులింగ్:

అమ్మా, మీరు సరైన చోటే టిక్ పెట్టారు. దాని పేరు ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్, మేం ఐసీఎస్ అంటాం. 1999లో విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌తో వచ్చింది, విండోస్ 11లో కూడా అదే ట్యాబ్‌లో ఉంది.

తమ్ముడూ, నేను ఆఫీసులకీ షాపులకీ లాన్ వైరింగ్ చేస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక ఈ ఊళ్ళో స్తంభాల మీద కేబుల్ అన్నది మిగల్లేదు. సెల్ సిగ్నల్ తిరిగి వచ్చాక ఒక ల్యాప్‌టాప్‌కి డేటా కార్డు పెట్టి, దాని లాన్ పోర్టు నుంచి ఒక స్విచ్‌కి వైరు వేసి, ఆ స్విచ్‌కి షాపులో మెషీన్లన్నీ తగిలించి ఐసీఎస్ మీదే పని నడిపించాం. స్పీడు పెద్దగా లేదు గానీ జీఎస్టీ రాకముందు రోజులు, వ్యాట్ రిటర్నులు దాని మీదే వెళ్ళాయి. పాతదని తీసిపారేసే వస్తువు కాదది.

డాంగిల్ సంగతికొస్తే, ఆవిడ చెప్పిన ఇబ్బందే లోపలి గదికి సిగ్నల్ అందకపోవడం. అక్కడ డాంగిల్ పెట్టినా ఆ ఒక్క గీతే వస్తుంది. అదీగాక ఇప్పుడొచ్చే డాంగిల్స్‌లో కొన్నిటికి విండోస్ 7 డ్రైవరు ఇవ్వడం లేదు. కొనేముందు పెట్టె మీద చూసుకోవాలి.

ఇక అసలు విషయం. మీరు ఆ టిక్ పెట్టగానే ల్యాప్‌టాప్‌లోని వైరు పోర్టు 192.168.137.1 అనే నంబరు తీసుకుంటుంది. అప్పట్నుంచి మీ ల్యాప్‌టాపే ఒక చిన్న రౌటరు. వైరు అవతల మెషీన్ "నాకో అడ్రసు ఇవ్వు" అని అడిగితే 192.168.137 తో మొదలయ్యే అడ్రసు ఒకటి ఇస్తుంది. లైటు వెలిగిందంటే వైరులో కరెంటు పలికిందని మాత్రమే అర్థం. అడగడం, ఇవ్వడం జరిగిందో లేదో లైటు చెప్పదు.

అందుకని డెస్క్‌టాప్‌లో స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొట్టి, నల్ల తెరలో ఐపీకాన్ఫిగ్ కమాండు (మధ్యలో ఖాళీ లేకుండా) ఇవ్వండి. చివర ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి ఆల్ అని కూడా చేర్చండి. లోకల్ ఏరియా కనెక్షన్ కింద ఐపీవీ4 అడ్రస్ ఎదురుగా ఏ నంబరుందో ఇక్కడ రాయండి. 169.254 తో మొదలైతే మీ డెస్క్‌టాప్ అడిగింది, ల్యాప్‌టాప్ పలకలేదు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఐసీఎస్ సర్వీసు ఆగిపోయిందో, యాంటీవైరస్‌తో వచ్చిన ఫైర్‌వాల్ అడ్డుపడుతోందో చూడాలి. 192.168.137 ఉండి కూడా పేజీలు తెరుచుకోకపోతే డీఎన్ఎస్ (సైటు పేరుని నంబరుగా మార్చే ఏర్పాటు) దగ్గర చిక్కు కావచ్చు. ఈ రెండూ కాక వేరే నంబరు ఏదైనా ఉంటే ఆ మెషీన్ అసలు అడగనే లేదు, దాంట్లో ఎవరో చేత్తో నంబరు పెట్టి ఉంటారు.

వైరు గురించి ఒక మాట. రెండు కంప్యూటర్లని నేరుగా కలపడానికి ఒకప్పుడు క్రాస్ కేబుల్ కావాల్సి వచ్చేది. గిగాబిట్ పోర్టులొచ్చాక ఆ అవసరం పోయింది, పోర్టే సర్దుకుంటుంది. మీ ల్యాప్‌టాప్ కొత్తది కాబట్టి మామూలు కేబుల్ చాలు. కానీ మన ఊళ్ళో ఇంకొకటి చూడాలి. ఆ ప్లాస్టిక్ జాకుని వెలుతురులో పట్టుకుని చూస్తే ఎనిమిది తీగలు వరసగా కనిపిస్తాయి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. వాటి మీద ఎనిమిది బంగారు రంగు పలకలు ఉంటాయి. పెదవాల్తేరు నుంచి సముద్రం వైపు ఇళ్ళలో ఆ పలకల అంచున పచ్చటి చిలుము పట్టి ఉండటం నేను తరచూ చూస్తాను. ఉప్పుగాలి పని అది. ఒక్క తీగ సరిగా ఆనకపోయినా గిగాబిట్ స్పీడు రాదు, లింకు 100 మెగాబిట్స్‌కి పడిపోతుంది, లేదా వస్తూ పోతూ ఉంటుంది. అక్కయ్యపాలెం కొంచెం లోపలికే గానీ, వాడని పోర్టులో దుమ్మూ తేమా చేరతాయి. జాక్‌ని టిక్కుమనేదాకా నొక్కండి, ఆ నాలుక విరిగిన జాక్ వాడకండి.

ఎంవీపీ లైనక్స్:

బ్రిడ్జ్ గురించి చెప్తాను, చాలామంది దాన్నే ప్రయత్నించి విసిగిపోతారు. వైఫైలో రౌటరుతో కనెక్టయిన కార్డు తన సొంత మ్యాక్ అడ్రసుతోనే (ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఉండే గుర్తింపు నంబరు) మాట్లాడాలి. బ్రిడ్జ్ చేస్తే వెనకున్న డెస్క్‌టాప్ తన మ్యాక్‌తో ప్యాకెట్లు పంపాలని చూస్తుంది. ఆ మ్యాక్ రౌటరులో లాగిన్ అవ్వలేదు కాబట్టి రౌటరు దాన్ని పట్టించుకోదు. విండోస్ మధ్యలో కొంత సర్దుబాటు చేస్తుంది గానీ అన్ని రౌటర్లతో, అన్ని కార్డులతో నడవదు. ఐసీఎస్‌లో ఆ బాధ లేదు, బయటికి వెళ్ళే ప్రతి ప్యాకెట్టూ ల్యాప్‌టాప్ పేరు మీదే వెళ్తుంది.

ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉన్నవాళ్ళకి ఇంకా తేలిక. వైర్డ్ కనెక్షన్ సెట్టింగ్స్‌లో ఐపీవీ4 దగ్గర "షేర్డ్ టు అదర్ కంప్యూటర్స్" ఎంచుకుంటే చాలు. అక్కడ నంబరు 10.42.0.1 అవుతుంది, మిగతా పద్ధతంతా ఇదే.

అక్కయ్యపాలెం అక్షరం:

సార్, చాలా థాంక్సండి. మీరు చెప్పినట్టే కమాండ్ ఇచ్చాను. ఐపీవీ4 అడ్రస్ 192.168.10.45 అని ఉంది. డిఫాల్ట్ గేట్‌వే 192.168.10.1. డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ దగ్గర "నో" అని ఉంది. ఈ మెషీన్ మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మూసేస్తున్న ఒక ఆఫీసు నుంచి మావారు తెచ్చారు. మా ఇంట్లో దీనికి ఎప్పుడూ నెట్ పెట్టలేదు.

కంచరపాలెం కేబులింగ్:

దొరికింది. డీహెచ్‌సీపీ అంటే అడ్రసు అడిగి తీసుకునే పద్ధతి, అక్కడ నో అంటే మీ మెషీన్ అడగడం లేదు. ఆ 192.168.10.45 ఆ ఆఫీసు నంబరు. వాళ్ళ కంప్యూటర్ మనిషి ఒక్కో మెషీన్‌కి ఒక్కో నంబరు చేత్తో పెట్టి ఉంటాడు, ఆఫీసుల్లో అది మామూలే. ఇప్పుడా మెషీన్ ఇంకా బయటికి దారి (గేట్‌వే) అనుకుని ఆ 192.168.10.1 కోసమే వెతుకుతోంది. మీ ఇంట్లో అలాంటిది లేదు కదా.

డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ తెరిచి, ఎడమ వైపు చేంజ్ అడాప్టర్ సెట్టింగ్స్, లోకల్ ఏరియా కనెక్షన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. జాబితాలో ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 మీద రెండుసార్లు నొక్కండి. పైన "అబ్టెయిన్ యాన్ ఐపీ అడ్రస్ ఆటోమేటికల్లీ" పెట్టండి. కింద డీఎన్ఎస్‌కి వేరే బటన్ ఉంటుంది, అది కూడా ఆటోమేటిక్ చెయ్యాలి. చాలామంది పైది మార్చి కిందది వదిలేస్తారు, అప్పుడు అడ్రసు వస్తుంది గానీ పేజీలు రావు.

ఆఫీసు మెషీన్ కాబట్టి ఇంకొక చోటు కూడా చూడండి. కంట్రోల్ ప్యానెల్‌లో ఇంటర్నెట్ ఆప్షన్స్, కనెక్షన్స్ ట్యాబ్, లాన్ సెట్టింగ్స్. అక్కడ ప్రాక్సీ సర్వర్ (నెట్‌ని మధ్యలో ఇంకో మెషీన్ గుండా పంపే ఏర్పాటు) దగ్గర టిక్ ఉంటే తీసెయ్యండి.

కాసేపట్లో "సెట్ నెట్‌వర్క్ లొకేషన్" అని హోమ్, వర్క్, పబ్లిక్ మూడు బొమ్మలతో ఒక పెట్టె వస్తుంది. వర్క్ నొక్కండి. ఎందుకో తర్వాత చెప్తాను.

అక్కయ్యపాలెం అక్షరం:

వచ్చేసింది సార్! పసుపు త్రికోణం పోయింది. అడ్రసు ఇప్పుడు 192.168.137 తోనే మొదలవుతోంది. ప్రాక్సీ దగ్గర నిజంగానే టిక్ ఉంది, తీసేశాను. కన్వర్టర్ పేజీ డెస్క్‌టాప్‌లోనే తెరిచి, మ్యాటర్ కాపీ చేసి నేరుగా పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే వత్తులు ఉన్నచోటే ఉన్నాయి.

రెండు సందేహాలు. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయింది, ఆ తర్వాత డెస్క్‌టాప్‌కి నెట్ పోయింది. షేరింగ్ టిక్ తీసి మళ్ళీ పెడితే వచ్చింది. ప్రతిసారీ ఇలా చెయ్యాల్సిందేనా? ఇంకొకటి, ఓనరుగారి రౌటరులో ఇంకో కంప్యూటర్ చేరినట్టు కనిపిస్తుందా? వాళ్ళకి చెప్పకుండా ఏదీ చెయ్యడం నాకిష్టం లేదు.

కంచరపాలెం కేబులింగ్:

రీస్టార్ట్ సంగతి ముందు. విండోస్ 10లో ఒక అప్‌డేట్ దగ్గర్నుంచి ఇది ఇలాగే ఉంది, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయితే ఐసీఎస్ తనంతట తాను లేవదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు చెప్పిన మందు ఉంది. ల్యాప్‌టాప్‌లో సర్వీసెస్ తెరిచి ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అనే సర్వీసుని ఆటోమేటిక్ చెయ్యండి. తర్వాత రిజిస్ట్రీ ఎడిటర్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, షేర్డ్ యాక్సెస్ దాకా వెళ్ళి, ఎనేబుల్ రీబూట్ పర్సిస్ట్ కనెక్షన్ అనే పేరుతో (మాటల మధ్య ఖాళీ ఉండకూడదు) కొత్త డీవర్డ్ (అంకె విలువ పెట్టే ఎంట్రీ) చేసి విలువ 1 ఇవ్వండి. రిజిస్ట్రీలో చెయ్యి పెట్టడం భయమనిపిస్తే వద్దు, టిక్ తీసి పెట్టుకోవడమూ పనే. అలాగే పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే "డూ నథింగ్" పెట్టండి. ల్యాప్‌టాప్ నిద్రపోతే డెస్క్‌టాప్ నెట్ కూడా పోతుంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాల్సిన మాట. విండోస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ కూడా 109 వెర్షన్ తర్వాత దాని మీద రావడం లేదు. మీ బతుకుతెరువంతా ఆ మెషీన్ మీద ఉంది, ఎన్నేళ్ళ ఫైళ్ళో. దాన్ని నెట్‌లో తిరగనివ్వకండి. ఈమెయిలు, వాట్సాప్, బ్యాంకు, పార్టీలు పంపిన జిప్ ఫైళ్ళు, ఏవీ అందులో తెరవొద్దు. కన్వర్టర్ పేజీ ఒక్కటి, అంతే. పని లేనప్పుడు ల్యాప్‌టాప్‌లో షేరింగ్ టిక్ తీసేసినా మంచిదే.

మరి పీడీఎఫ్‌లు ఎలా పంపాలంటారా? అందుకే వర్క్ నొక్కమన్నాను. ఆ వైరు ఇంటర్నెట్టే కాదు, ఫైళ్ళు కూడా మోస్తుంది. డెస్క్‌టాప్‌లో ప్రూఫ్‌లు అని ఒక ఫోల్డర్ చేసి, రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్‌లో షేర్ చెయ్యండి. డెస్క్‌టాప్ యూజర్‌కి పాస్‌వర్డ్ ఉండాలి, పాస్‌వర్డ్ లేని ఖాతాని నెట్‌వర్క్ మీదుగా విండోస్ లోపలికి రానివ్వదు. ల్యాప్‌టాప్‌లో రన్ తెరిచి, వెనక్కి వాలిన రెండు గీతలు \\ కొట్టి, వెంటనే డెస్క్‌టాప్ అడ్రసు మొత్తం ఇస్తే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది. మీరు పేజ్‌మేకర్ లోంచి పీడీఎఫ్‌ని అందులోకే సేవ్ చేస్తారు, ల్యాప్‌టాప్ లోంచి వాట్సాప్‌లో పంపుతారు. ఇంటర్నెట్ పోయిన రోజున కూడా ఈ వైరు మీద ఫైళ్ళు వెళ్తూనే ఉంటాయి. పార్టీల పెన్‌డ్రైవ్ ఏదొచ్చినా ముందు ల్యాప్‌టాప్‌లో పెట్టి స్కాన్ చేసి, కావాల్సిన ఫైలొక్కటే ఇటు పంపండి.

ఓనరుగారి రౌటరులో మీ ల్యాప్‌టాప్ ఒక్కటే కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉత్తరాలన్నీ వాచ్‌మన్ చేతికొచ్చి అక్కణ్ణించి ఫ్లాట్లకి వెళ్ళినట్టు, మీ డెస్క్‌టాప్‌కి వచ్చేవన్నీ ల్యాప్‌టాప్ పేరు మీదే వచ్చి లోపలికి వెళ్తాయి. వాడకం మాత్రం వాళ్ళ ప్లాన్‌లోనే పడుతుంది. మీరు చెప్పాలనుకోవడం మంచి పద్ధతి, ఒక మాట చెవిన వెయ్యండి.

పాత టౌన్ కంపోజర్:

మేడం, నేనూ మీ లైనే. వత్తులు చెదరడం గురించి ఒకటి చెప్తాను, ఈ పని చేసేవాళ్ళందరికీ పనికొస్తుంది. కొత్త విండోస్ నోట్‌ప్యాడ్ మామూలుగా యూటీఎఫ్ 8 అనే యూనికోడ్ పద్ధతిలో సేవ్ చేస్తుంది. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు, ఆ ఫైల్‌ని ప్లేస్ చేస్తే ఒక్కో గుర్తునీ రెండు మూడు ముక్కలుగా చదివేస్తుంది. ల్యాప్‌టాప్‌లో మార్చిన మ్యాటర్ సేవ్ చేసేటప్పుడు కింద ఎన్‌కోడింగ్ దగ్గర ఆన్సి (యూనికోడ్ కాని పాత పద్ధతి) ఎంచుకోండి. సేవ్ నొక్కాక గుర్తులు పోతాయని హెచ్చరిక వస్తే అందులో ఎక్కడో తెలుగు యూనికోడ్ అక్షరమో, వాట్సాప్ బొమ్మో మిగిలిపోయిందని అర్థం, వెతికి తీసెయ్యండి. అప్పుడు కన్వర్టర్‌ని కూడా ల్యాప్‌టాప్‌లోనే వాడుకుని, షేర్ ఫోల్డర్ లోంచి డెస్క్‌టాప్‌కి తెచ్చుకోవచ్చు. మీ విండోస్ 7కి ఇంటర్నెట్ చూపించే పనే ఉండదు.

పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో (ఫైల్లోనే చేరాయో) లేదో కూడా చూసుకోండి. అనూ ఫాంట్ లేని ఫోనులో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి, తప్పు మన మీద పడుతుంది.

అక్కయ్యపాలెం అక్షరం:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలండి. ప్రూఫ్‌లు ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంది, రేపటి శుభలేఖ పీడీఎఫ్ అందులోంచే పంపాను. ఆన్సిలో సేవ్ చేసి తెచ్చిన మ్యాటర్‌లో "స్వాహాకార", "వరలక్ష్మీవ్రత" లాంటి మాటలు కూడా సరిగ్గా వచ్చాయి. అందుకని కేబులింగ్ సార్ చెప్పిన మాటే పాటించి ల్యాప్‌టాప్‌లో షేరింగ్ టిక్ తీసేశాను. ఆ టిక్ తీశాక పాత నంబరు పోయి రెండింటికీ 169.254 తో మొదలయ్యేవి వచ్చాయి, ఫోల్డర్ కాసేపు తెరుచుకోలేదు. ఇలా వస్తే ఏం చెయ్యాలో చెప్పగలరా?

కంచరపాలెం కేబులింగ్:

టిక్ తీస్తే అడ్రసులిచ్చే మనిషి ఉండడు కాబట్టి రెండూ తమకి తామే 169.254 నంబర్లు పెట్టుకుంటాయి. వాటితోనూ మాట్లాడుకోగలవు గానీ విండోస్ 7 దాన్ని తెలియని నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్ కింద వేసి ఫోల్డర్‌ని మూసేస్తుంది. టిక్ తీసేసినా మంచిదే అన్నాను గానీ, మీకు ఫోల్డర్ ఎప్పుడూ కావాలి కాబట్టి షేరింగ్ టిక్ మళ్ళీ పెట్టి అలాగే ఉంచండి. దాని బదులు డెస్క్‌టాప్‌లో బ్రౌజర్ ఐకాన్లు తెర మీంచి తీసేసి, ఆ మెషీన్‌లో నెట్ వాడటం మానేయండి. విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉండాలి. నెలకోసారి ఆ ఫైళ్ళన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీసి, ఆ డిస్క్‌ని విప్పి బీరువాలో పెట్టండి.